రెండో గడ్డం

పలాస స్టేషన్లో నా పక్కన కూర్చున్న నడివయసు మనిషి, కండలు తిరిగిన ప్లాస్టిక్ వీరుడి బొమ్మకు పుట్టీతో కొత్త తల పెట్టి, జీడిపప్పు పొట్టు తీసే చాకుతో చెక్కుతున్నాడు. ఆ ముఖం కాశీబుగ్గ నాయకుడొకాయనది. పుట్టినరోజు కానుకగా అనుచరులు చేయిస్తున్నారట.

"అచ్చం ఆయన్లాగే వచ్చీసిందని తిప్పి పంపీసినారు బాబూ. సాయంత్రానికి గడ్డం కింద యేలాడే ఈ రెండో గడ్డం తీసీకపోతే బేరం పోద్ది," అన్నాడు.

ఒళ్ళు బజారులో కొన్నది, ముఖం భజనపరులు కోరింది. ఇక నాయకుడిదంటూ అందులో ఏం మిగిలిందని అడిగాను. సిగ్గులేని ఆ భక్తికి చాకు అరువిస్తున్న అతణ్ణీ వదల్లేదు.

అతడు నా ముఖాన్ని నిదానంగా చూశాడు.

"పోనీ మీది సేత్తాను. ఉన్నదున్నట్టు సేసీమంటారేటి?"

నా చేయి అప్పటికే గడ్డం కిందికి వెళ్ళింది.