మోకాలెత్తు అరుగులు

డుంబ్రిగుడ చుట్టుపక్కల ఊళ్లలో సోములమ్మ చేతి అరుగులు నలభైకి తక్కువుండవు. గోడలు లేపడం మగవాళ్లు చూసుకునేవారు. అరుగంటే మాత్రం సోములమ్మకే కబురు. ఎర్రమట్టిలో గడ్డి కలిపి తొక్కి, ముద్దలు పేర్చి, అరచేత్తో నిమిరి, పైన పేడతో అలికిందంటే ముప్పై వానాకాలాలు తడిసినా అంచు రాలేది కాదు. అంత పేరున్న మనిషికి, అరవయ్యో పడిలో పడబోతుండగా, మనవరాలి నోటుబుక్కులోంచి ఒక మాట వచ్చి తగిలింది.

తొంభై తొమ్మిదో సంవత్సరం అది. మనవరాలు రమణి ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. విజయనగరం నుంచి వచ్చిన సత్యకుమారి టీచరు పిల్లలకి కొత్త పని పెట్టింది. ఎవరి ఊళ్లో ఇళ్లు వాళ్లు కొలిచి బొమ్మ గీసుకురావాలి. గుమ్మం ఎంతుంది, చూరు ఎంత కిందికి దిగింది, ఎందుకు దిగింది, అన్నీ రాయాలి. "పుట్టినప్పట్నుంచీ అందులోనే ఉన్నారు. ఒక్కసారైనా ఇంటిని చూశారా?" అంది. వాటిల్లో ఒక ఊరిని మట్టితో చేసి పాడేరులో పిల్లల ప్రదర్శనకి పట్టుకెళ్లాలని ఆమె ఆశ.

రమణి టేపు పట్టుకుని తన వీధిలో పదకొండు ఇళ్లూ కొలిచింది. పుస్తకం చూసిన టీచరుకి అరుగుల దగ్గర చిరాకేసింది. ఒకటి పదమూడు అంగుళాలు, పక్కది పదహారు, ఆ పక్కది పదిహేనున్నర.

"టేపు సరిగ్గా పట్టలేదు నువ్వు. ఒకే వరసలో ఇళ్లకి ఇన్ని ఎత్తులేమిటి?"

ఎర్ర సిరాతో చుట్టేసింది. రమణి మళ్లీ కొలిచింది. మళ్లీ అవే అంకెలు. ఈసారి టీచరు మెత్తగానే అంది. "పోన్లే, నీ తప్పు కాదు. ఎవరేశారో గాని కొలత లేకుండా వేసేశారు. అన్నీ పదిహేను చేసెయ్."

శనివారం ఇంటికొచ్చి రమణి అరుగు మీదే కూర్చుని అంకెలు చెరుపుతోంది.

"ఏటే గుంటా, సెరిపేత్తన్నావు?"

"నీ అరుగులకి కొలత లేదంట మామ్మా. అన్నీ ఒకలాగే రాసెయ్యమన్నారు టీచరమ్మ."

సోములమ్మ చేతిలో చేట ఆగిపోయింది. వంట రాదని మొగుడు జీవితమంతా దెప్పితే నవ్వేసిన మనిషి, ఆ పూట గంజి ముట్టలేదు.

ఆదివారం ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీది అటకలో చెయ్యి పెట్టి, పొగచూరిన వెదురు బద్ద ఒకటి బయటికి లాగింది. సోమవారం ఆ కట్ట చంకన పెట్టుకుని, రమణి వెంట నాలుగు మైళ్లు నడిచి, తిన్నగా తరగతిలోకి వెళ్లి బల్ల మీద పడేసింది.

"టీచరమ్మా, నాకు సదువు రాదు. కొలతొచ్చు."

ఒక్కో బద్దకి ఒక్కో గంటు ఉంది. "ఇది అప్పలనర్సమ్మది. ఇది భీముడి తల్లిది. ఇది మా అత్తది."

"ఏమిటివి?"

"మోకాళ్లు! ఇంట్లో ముసిలోలు ఎవులో, ఆల మోకాలికాడ గంటెట్టి అరుగేత్తాను. ఎత్తయితే కాళ్లు యేలాడతాయి, పల్లమైతే లెగలేరు. మీ సిమెంటోలు ఎవులి మోకాలు సూసి కడతారమ్మా?"

తరగతంతా గొల్లున నవ్వింది. రమణి టేపు తీసి బద్దలు కొలిచింది. పదమూడు. పదహారు. పదిహేనున్నర. చెరిపిన చోట అచ్చులు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

"మరి ఆ ముసలాళ్లు పోయాక?" టీచరు గొంతు తగ్గింది.

"పోతే? కోడళ్లు కూకున్నప్పుడల్లా 'పొట్టి ముండ, ఎంత పల్లంగా యేయించిందో' అని తిట్టుకుంటారు. అదీ తలుసుకోడమే గదా!"

టీచరు కూడా నవ్వేసింది. చెరిపిన అంకెల్ని మళ్లీ తనే రాసింది, అదే ఎర్ర సిరాతో.

పాడేరు ప్రదర్శనలో ఒక పెద్దాయన మట్టి ఊరి మీదికి వంగి, "అరుగులు సమంగా రాలేదే పాపా" అన్నాడు. "రాకూడదండి. కూర్చునేవాళ్లు సమంగా లేరు కదా" అంది రమణి. రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఎవరికని సోములమ్మ అడగలేదు. రమణి చెప్పిన జవాబు మాత్రం సంతలో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పింది.

ఆ వేసవికి ముందే హాస్టలు గోడవార అరుగు వెయ్యమని సత్యకుమారి కబురంపింది. సోములమ్మ వచ్చి, పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి, నడుం మీద చేతులేసుకుని చూసింది.

"ఇక్కడ ముసిలోల్లేరు. ఎవులి మోకాలెట్టుకోను?"

"నాది! నాది!" అని గోల. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్నారాయె. ఆలోచించి రెండు మెట్లుగా వేసింది. ముందువైపు మెట్టుకి నేల మీంచి అందరికంటే చిన్నదైన రత్న మోకాలు, గోడవైపు మెట్టుకి ఆ ముందుమెట్టు మీంచి రమణి మోకాలు. మట్టి పిల్లలే తొక్కారు. గంట్లు పెట్టిన రెండు బద్దల్నీ రమణి వంటపాక అటకలో దోపింది.

మట్టి ఆరాక సోములమ్మ రత్నని రెక్క పట్టుకుని తెచ్చి కిందిమెట్టు మీద కూర్చోబెట్టింది. వంగి పాదాల కేసి చూసింది.

"ఆనాయేటే?"

"ఆనాయి మామ్మా."

"అయితే పేడ అట్రండి. బేగి అలికెయ్యాల."