పట్టీ కింది నొప్పి

నా చిన్నప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. పోచంపల్లి వైపు నుంచి వచ్చిన చేనేతవాళ్ళం, ఇంట్లోనే మగ్గం. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బళ్ళు మూతపడ్డ ఏడు అది. బడి లేదని సంబరపడేలోపే మా నానమ్మ నన్ను నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టింది. నాకది చచ్చే విసుగు. తప్పించుకోవడానికి జ్వరమనీ తలనొప్పనీ ఎన్ని అబద్ధాలాడానో లెక్కలేదు.

ఒకరోజు ఊరేగింపు చూడాలని గోడెక్కి పడ్డాను. ఎడమచేయి విరిగింది. దవాఖానలో సిమెంటు పట్టీ వేసి పంపారు. మర్నాటికి నొప్పి తగ్గకపోగా పెరిగింది. ఎంత ఏడ్చినా ఎవరూ పట్టించుకోలేదు. "దీని ఏషాలు నాకెర్కలేవా!" అని నానమ్మ కసిరింది. ఆమెనేం అంటాను, అలా చేసుకున్నది నేనే.

పక్క వాటాలో కోస్తా నుంచి వచ్చిన నర్సు ఒకామె కిరాయికుండేది, నర్సక్క అనేవాళ్ళం. గొడవలు మొదలయ్యాక నానమ్మ ఆమెతో మాట మానేసింది. ఆరోజు బంద్, బస్సుల్లేక అక్క డ్యూటీకి వెళ్ళలేదు. నా ఏడుపు విని, ఎవరూ పిలవకపోయినా వచ్చి పక్కన కూర్చుంది.

"ఎక్కడుంది, ఎలా ఉంది? నీ మాటల్లోనే చెప్పమ్మా" అంది.

"ఇరిగిన కాడ కాదక్కా, ఏళ్లల్ల. చీమలు పారుతున్నట్టున్నది. బొటనేలు ఉన్నట్టే తెలుస్తలేదు" అన్నాను.

"అదన్నీ అబద్ధాలే చెప్తది" అని నానమ్మ గోడవైపు చూస్తూ అంది.

"అబద్ధమైతే విరిగిన చోటే నొప్పి అనేది కదండీ పెద్దమ్మగారూ" అని అక్క నన్ను కళ్ళు మూసుకోమంది. ఒక్కో వేలూ పట్టుకుని ఏ వేలో చెప్పమంది. చిటికెన వేలు చెప్పాను. ఆ తర్వాత ఎంతసేపు ఆగినా అక్క ఇంకో వేలు ముట్టుకోలేదు. కళ్ళు తెరిస్తే, నా బొటనవేలు ఆమె చేతిలోనే ఉంది. నానమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పట్టీ బిగుసుకుని రక్తం ఆడటం లేదనీ, ఆలస్యమైతే చేయి దక్కదనీ అక్క చెప్పింది. వేడినీళ్ళతో పట్టీ నానబెట్టి, మా నాన్న కత్తితో నిలువునా కోసింది. పట్టీ విచ్చుకున్న కాసేపటికి తెల్లబడ్డ వేళ్ళు మెల్లగా ఎర్రబడ్డాయి. నానమ్మ వాటిని ఒక్కొక్కటే పట్టుకుని "ఇది తెలుస్తుందా బిడ్డా, ఇది?" అని అడుగుతూనే ఉంది. తెలుస్తుందన్న ప్రతిసారీ ఏడ్చింది. మా అందరికీ పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

మర్నాడు దవాఖానకు పంపుతూ అక్క డాక్టరుకు చీటీ రాసిచ్చింది. దారిలో నాన్న చదివి వినిపించాడు. "ఏళ్లల్ల చీమలు పారుతున్నట్టున్నది" అని నేనన్న మాటే, ఒక్క అక్షరం దిద్దకుండా రాసింది.

ఇప్పుడు మా మనవడు బడి టైముకు కాలు నొప్పంటాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు వేషాలేనని నాకు తెలుసు. అయినా ప్రతిసారీ కూర్చోబెట్టి, ఎక్కడ, ఎట్లుంది అని అడిగి, చెప్పేదంతా చివరిదాకా వింటాను. ఆ పదోసారి ఏదో వాడికి తప్ప నాకు తెలియదు కదా.