మహిమ అనుకున్న వెలుగు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ వందనాలు. నా పేరు మరియమ్మ, మాది రేపల్లె. నా పేరు తప్ప ఇంకేమీ చదవలేను గనుక నేను చెబుతుంటే మా పాస్టరమ్మగారు రాస్తున్నారు. సూర్యలంకలో ఎండుచేపలు కొని తెచ్చి అమ్ముకుని బతికేదాన్ని.

నా చీకటి వెలుగుతో మొదలైందంటే నమ్ముతారా! కిందటి ఎండాకాలం కళ్ళ ముందు మెరుపులు మొదలయ్యాయి, కళ్ళు మూసుకున్నా పోవు, సముద్రం మీద ఎండ పడ్డట్టు తళతళమని కదులుతూనే ఉండేవి, మా ఆయన యాకోబు పోయిన దగ్గర్నుంచీ ఒక్క దర్శనం ఇమ్మని ప్రభువును అడగని రోజు లేదేమో, ఇదే ఆయన మహిమ అనుకున్నాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో లేచి సాక్ష్యం చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. మరుసటి వారం నుంచి జబ్బు మనుషులకు రాయడానికి నూనె సీసాలు తెచ్చి, "వెలుగు చూసినదానివి, ప్రార్థన చెయ్యి మరియమ్మక్కా" అని నా ముందు పెట్టేవారు. నేనూ చేశాను. క్షమించు తండ్రీ!

అప్పటికే నా రొమ్ములో గోళీకాయంత గడ్డ ఉంది. మొగుడు లేనిదాన్ని, ఎవరికి చూపించుకోను అని ఏడాదిగా రవిక కింద దాచుకున్నాను. ఆ మాట మాత్రం ఏ సాక్ష్యంలోనూ చెప్పలేదు.

మెరుపుల వెనకాలే మసక వచ్చింది. పొద్దు వాలితే గోడలు తడుముకోవడమే, పగలైనా చిన్న కంతలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది కాస్త కనబడేది, పక్కన ఉన్నది కనబడేది కాదు. బాపట్లలో నా కూతురు సలోమి ఇంటికి వెళ్ళి, గుమ్మం పక్కన నీళ్ళ బిందె తన్నుకుని బోర్లా పడ్డాను.

"ఏంటమ్మా, అంత బిందె కనపళ్ళేదా?"

"మహిమ ఎక్కువైందిలేవే."

"మహిమ బిందెల్ని తన్నదు. నడు డాక్టరు దగ్గరికి!" అని మర్నాడే తెనాలి తీసుకెళ్ళింది.

అక్కడి కంటి డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది. శుక్లం కాదంది. "ఒంట్లో ఇంకెక్కడైనా గడ్డగానీ నొప్పిగానీ ఉందా పెద్దమ్మా?" అని అడిగింది. లేదండి అన్నాను. మళ్ళీ అడిగింది. లేదండి అన్నాను. మూడోసారి అడిగేసరికి ఏడుపొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని గడ్డ మీద పెట్టాను.

అది క్యాన్సరని పరీక్షల్లో తేలింది. రొమ్ములో గడ్డకీ కంటికీ ఏంటి సంబంధమండీ అని అడిగితే ఆ తల్లి విసుక్కోకుండా చెప్పింది.

"రోగంతో పోరాడే శక్తి మన ఒంట్లోనే ఉంటుంది పెద్దమ్మా. అది ఆ గడ్డ మీదికి పోయింది. గడ్డలో ఉన్నటువంటి పదార్థమే కంటి లోపలి పొరలోనూ ఉంది. దాన్నీ శత్రువే అనుకుని కొడుతోంది. నీకు కనిపించిన మెరుపులు ఆ దెబ్బలవే."

"కాపలా కుక్క ఇంట్లో పిల్లనే కరిచినట్టాండీ?"

"అచ్చంగా అంతే. కానీ కన్ను గోల పెట్టబట్టే గడ్డ బయటపడింది."

గడ్డ తీశారు, మందులు ఎక్కించారు, కంటి కోసం వేరే మందులు ఇచ్చారు. పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు, ఉన్నది నిలిస్తే గొప్ప అన్నారు. సహోదరులారా, ఆ మంచం మీద నేను చేసిన ప్రార్థన దాచుకోను: "ప్రభువా, కళ్ళు లేకపోయినా పర్వాలేదని అబద్ధం చెప్పలేను. నాకు కావాలి. పెళ్ళయిన ఏడు నా బైబిలు మొదటి పేజీలో మా ఆయన నా పేరు రాసి, వేలు పట్టుకుని అక్షరం అక్షరం దిద్దించాడు. నాకొచ్చిన చదువల్లా అదే. ఆ పేరు ఒక్కసారి చూడనివ్వు."

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు, మంచి ఎండలో అరుగు మీద కూర్చుని ఆ పేజీ తెరిచాను. ముందు అంతా తెలుపే. పుస్తకాన్ని కొంచెం కొంచెం జరిపాను. మ కనబడింది! తర్వాత రి. తర్వాత య. చివరి అక్షరం దగ్గరికి వచ్చేసరికి మొదటిది పోయింది. అయినా మా ఆయన చేతిరాతే, సిరా కాస్త వెలిసింది, అంతే. దేవునికే మహిమ!

మొన్న శుక్రవారం సంఘంలో లేచి నా పాత సాక్ష్యం వెనక్కి తీసుకున్నాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కూటం అయ్యాక ఒక చెల్లెలు నూనె సీసా పట్టుకుని నా దగ్గరకొచ్చి, "అక్కా, నాకూ ఒక గడ్డ ఉంది" అని చెవిలో చెప్పింది. సోమవారం ఆమెతో నేనూ తెనాలి వెళ్తున్నాను.

అమ్మలారా, దాచుకోకండి. మనల్ని చేసినవాడి దగ్గర సిగ్గేంటి? ఆయన్ని నమ్మండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నా కోసం కూడా ప్రార్థించండి. నాలుగు అక్షరాలూ ఒక్కసారే కనబడాలని నేనింకా అడుగుతూనే ఉన్నాను. ఇక్కడ కాకపోతే అక్కడైనా, ఆ పేరుతో ప్రభువే పిలిస్తే చాలు.