మా గురువు గారి వీపు మీద గాటు

మా గురువు గారు పోయారన్న ఫోన్ వచ్చేటప్పటికి నేను ఆపరేషన్ థియేటర్లో ఉన్నాను. రోగి వెన్నులో పెన్సిలంత కెమెరా గొట్టం, నా కళ్లు టీవీ తెర మీద. సిస్టరు చెవి దగ్గరికొచ్చి చెప్పింది. కదలడానికి లేదు, ఏడవడానికీ లేదు. గొట్టం బయటికి తీసేదాకా ఆ మాటని లోపలే బిగించుకున్నాను.

రాజమండ్రిలో పాతతరం వెన్నెముక డాక్టరు ఆయన. జానెడు కోసి, అంతా కంటితో చూసి చేసిన చెయ్యి. అరవై దాటాక ఈ గొట్టం పద్ధతి పట్టుకున్నారు, నన్నూ లాగారు. ఇందులో చూపు ఒకచోట, చేతులు ఒకచోట. పక్కనే నరం. మొదట్లో నాకు ఊపిరాడేది కాదు. ఆయన ఇంటి నుంచి కొబ్బరికాయలు తెచ్చేవారు. కన్ను పొడిచి, నీళ్లు వంపేసి, ఆ కన్నులోంచే గొట్టం దూర్చి లోపలి కొబ్బరి గోకమనేవారు. చిప్ప గీసుకుంటే ఇంకో కాయ ఇచ్చేవారు. "కంగారు పడకయ్యా. సందు చిన్నదైతే చెయ్యి నెమ్మదవ్వాలి, అంతే" అనేవారు. ఆ రోజుల్లో వాళ్లింట్లో పూటపూటా కొబ్బరిపచ్చడేనని ఆయన భార్య విసుక్కునేవారు.

చేతులు తిరిగాయి గానీ వీపు ఇచ్చేవాళ్లు లేరు. తణుకు నుంచి వచ్చిన రైతు ఒకాయన మొహం మీదే అన్నారు: "బియ్యపుగింజంత గాటులోంచి ఏం తీస్తారండి? శుభ్రంగా కోసెయ్యండి." చేస్తే గాని నమ్మరు, నమ్మితే గాని చేయనివ్వరు. ఎటూ కదల్లేక కూర్చున్నాం.

ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తగలకుండా వేసుకునే సీసపు కోటు మోసి, వంగి వంగి, చివరికి ఆయన డిస్కే జారింది. హైదరాబాద్ వెళ్దామండి అంటే వినలేదు. "ఎవరో ఒకరు మొదట పడుకోవాలి కదయ్యా."

మత్తు ఆ చోటుకే, మనిషి మెలకువగా ఉండాలి. ఆయన బోర్లా పడుకుని, "కాలు లాగుతోంది, ఆగు. ఆఁ, ఇప్పుడు పోనీ" అంటూ నాకు దారి చెప్పారు. ఆయన నడక నా చేతుల్లో ఉంది. వదిలేసి పారిపోవాలనిపించింది. వదలడానికి లేదు.

మూడో వారానికల్లా మెట్లెక్కి ఓపీకి వచ్చేశారు. ఎవరు సందేహపడ్డా చొక్కా ఎత్తి వీపు చూపించేవారు. ఈవేళ నా బల్ల మీద పడుకున్న రోగి కూడా అది చూశాకే ఒప్పుకున్నాడు.

సాయంత్రం వాళ్లింట్లో, ఆఖరి స్నానం చేయించడానికి గురువు గారిని పక్కకి ఒత్తిగిలించి పట్టుకున్నాం. నేను గాటు కోసం వెతికాను. కంటికి ఆనలేదు. వేలితో తడిమితే నడుం పక్కన చిన్న గట్టిదనం తగిలింది.

"చెయ్యి తియ్యండి బాబూ, నీళ్లు పొయ్యాలి" అన్నారెవరో.

రేపు ఓపీలో ఎవరో ఒకరు, గింజంత గాటులోంచి ఏం తీస్తారని అడుగుతారు. వేలు అక్కడే ఉంచి నిలబడిపోయాను.