రామసుబ్బమ్మ ఎద్దుకు కోరపన్ను

ఎద్దు నోట్లో కుక్కపన్ను మొలవడం నేను కళ్లారా చూశాను. నంద్యాలలో, 1957 ఉగాది నాడు, పదివేల మంది జనం మధ్య! సరే, మొలవలేదు, అతికించారు. జనం కూడా పదివేలు ఉండకపోవచ్చు. అబద్ధమాడితే పండ్లు రాలిపోతాయని కాన్వెంటులో మా సిస్టరమ్మ బెదిరించేది. నావి ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి కాబట్టి తక్కినదంతా నమ్మండి.

ఆళ్లగడ్డ రామసుబ్బమ్మ మొగుడు పోయాక మేడి తానే పట్టింది. దున్నినా, బండి తోలినా ముల్లుగర్ర ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. మరిది నరసింహులుకు అది తలవంపులుగా ఉండేది.

"ఆడమనిషి తోలే ఎద్దులు కుడితి తాగేదానికే గానీ బండ లాగుతాయా?" అన్నాడు ఒకరోజు నలుగురిలో.

"ఉగాదికి నంద్యాల పందెంలో నా ఎద్దులు బండను గీత దాటించకుంటే సేద్యం నీకే ఇడ్సిపెడతా, పో!" అందామె. ఊరంతా విన్నది.

ఆ పందెంలో ఎద్దులకు వయసు లెక్క లేదు, పండ్ల లెక్కే. ముందరి పాలపండ్లు రెండు రాలి పెద్దపండ్లు వస్తే అది రెండు పండ్ల ఎద్దు. వాటి పక్కవాటిలో ఒక్కటి రాలినా నాలుగు పండ్ల లెక్కే. పండ్లు పెరిగితే లాగాల్సిన బండా పెరుగుతుంది. రామసుబ్బమ్మవి రెండు పండ్ల ఎద్దులే. కానీ ఎర్రెద్దుకు పక్క పాలపన్ను ఊగుతోంది! ఉగాది దాటేదాకా అది నిలవాలని ఆమె చొప్ప మాన్పించి, సంకటి మెత్తగా పిసికి తినిపించింది. కన్నబిడ్డలకు కూడా అంత మెత్తగా పెట్టి ఉండదు.

తీరా నంద్యాలకు పోతూ శిరివెళ్ల దగ్గర బండి ఆపితే, ఎర్రెద్దు ఎవరిదో కంచె కొరికింది. పన్ను ఊడింది. ఊడిందాన్ని మింగేసింది కూడా.

రామసుబ్బమ్మ నెత్తి కొట్టుకుంది. అంతలో ఆమె చూపు ఎద్దు మెడ మీద పడింది. దిష్టికి కట్టడానికి పులిగోరు దొరక్క, బండి వెనకే వస్తున్న తన ముసలి కుక్క 'పులి'కి ఎప్పుడో ఊడిన కోరపన్నును తాడుకు గుచ్చి అక్కడ కట్టి ఉంచింది. రోడ్డు పక్కనే తుమ్మచెట్టు, చెట్టుకు బంక. ఇంకేం కావాలి!

పందెంలో పండ్లు చూసే పెద్దమనిషి నతానియేలు. ఎద్దు పెదవి కిందికి లాగి బొటనవేలు పెట్టాడు. వేలు తీస్తే పన్ను దానికే అంటుకొని వచ్చింది. వంకరగా, పచ్చగా, మొనదేలి!

"ఏందక్కా ఇది?"

"పన్ను. కనపడ్లేదా?"

"ఎద్దుకు కోరపన్ను యాడిదక్కా?"

"మా కుక్కతో కలిసి పెరిగింది గదప్పా. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరైతారంట."

"అయితే ఇది బండ లాగుతాదా, మొరుగుతాదా?"

"రెండూ చేస్తాది. నువ్వు అడ్డం లే!"

జనం ఒకటే ఈలలు. నతానియేలుకూ నవ్వాగలేదు. "లెక్క ప్రకారమైతే నిన్ను ఇంటికి పంపాల్సిందే. పండగ గదా, పో. నాలుగు పండ్ల బండకు కట్టు" అన్నాడు.

అంత బండ! నరసింహులు మీసం మీద చెయ్యేశాడు. ఎద్దులు మోకాళ్ల మీదికి ఒంగాయి, బండ కదల్లేదు. రామసుబ్బమ్మ గొంతు పోయేలా అదిలించింది. ఊహూఁ. అప్పుడు పులి జనంలోంచి దూరి ఎద్దుల ముందుకు దూకింది. రోజూ చేనికి పోయేటప్పుడు ముందు పులి, వెనక ఎద్దులు.

"పులీ, బేగా చేనికి పా!" అని కేక పెట్టింది ఆమె.

కుక్క ఉరికింది. కుక్క వెనక ఎద్దులు, ఎద్దుల వెనక బండ, దుమ్ము మా అందరి మీద! గీత దాటాయి. దాటినా ఆగవే! ఆమె చేతిలోంచి ముల్లుగర్ర జారిపడింది. నరసింహులే దాన్ని తీసి, తుడిచి, "ఇంద వదినా" అని చేతికిచ్చాడు.

వారం తిరక్కముందే ఆళ్లగడ్డ పోయి, "అత్తా, ఆ పన్ను ఒకసారి చూపించు" అన్నాను.

"ఏం పన్ను? నేను నంద్యాలకు పోనే లేదు."

అరుగు మీద పులి పెద్దగా ఆవలించింది. ఒక పక్క కోరపన్ను లేదు.

"మరి ఈ కుక్క?"

"ఇది మా కుక్క కాదప్పా."