మూత్రపిండాల ముందు మా వంశ మర్యాద

మా వంశంలో మగవాళ్ళు సొంత నేల మీద తప్ప ఒంటికి కూర్చోరు. తాతగారి కాలంలో అదేమీ కష్టం కాదు. బండి ఎక్కడ ఆపినా పక్కనున్న నల్లరేగడి మాదే. ఇప్పుడు కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా దారిలో నాకు జానెడు నేల లేదు. నియమం మాత్రం ఉంది. అందుకని విరుదునగర్‌కు మిరపకాయల వ్యాపారం మీద వెళ్ళే రోజున పొద్దుటి నుంచే నీళ్ళు ముట్టను. వ్యాపారం అంటాను గానీ, మండీలో గుమాస్తాగిరీ.

రెండోసారి కిడ్నీలో రాయి పడి మెలికలు తిరిగాక, విరుదునగర్‌లో డాక్టరుగా ఉన్న మా అక్క కూతురి దగ్గరికి పోక తప్పలేదు. రక్తపరీక్ష చూసి అడిగింది:

"ఏం మామా, నీళ్ళు తాగవా?"

"ప్రయాణంలో తాగను. అది మన ఇంటి వాడుక."

"ఆ సంగతి నీ కిడ్నీకి ఎవరు చెప్పినారు?"

చీటీ వెనక ఒక గిన్నె గీసింది. అందులో దారపుండలాగా సన్నని రక్తనాళాల చుట్ట. ఒక్కో కిడ్నీలో ఇలాంటివి లక్షల్లో ఉంటాయట. రక్తం ఒత్తిడితో ఆ చుట్టలోకి వస్తుంది. రక్తకణాలు, మాంసకృత్తులు అందులోనే ఆగుతాయి. నీళ్ళు, ఉప్పులు, చక్కెర, మలినాలు గిన్నెలోకి జారతాయి. అక్కడి నుంచి ఒక మెలికల గొట్టం. దాని పొడవునా చక్కెర, కావలసిన ఉప్పులు, దాదాపు నీళ్ళన్నీ తిరిగి రక్తంలో చేరతాయి. మిగిలింది మూత్రం.

"అంటే ముందు పారబోసి, తరవాత కావలసింది ఏరుకుంటుందా?"

"ఔ. మన తాతలు మొదటి సగమే నేర్చినారు."

నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. కోపమే చూపించాను. ఆమె లెక్కచెయ్యలేదు.

"నువ్వు తాగకుంటే ఆ గొట్టాలు ఉండే నీళ్ళంతా వెనక్కి లాగేస్తాయి. మూత్రం చిక్కనై రాళ్ళు కడతాయి. ఇప్పుడు చుట్టలు కూడా దెబ్బతింటున్నాయి మామా. పోయినవి మళ్ళీ మొలవవు. ఇట్లే ఉంటే డయాలసిస్సే. ఆ మంచం కూడా మన సొంతం కాదు."

తన ఎదుటే సీసాడు నీళ్ళు తాగించి పంపింది.

తిరుగు బస్సు దారిలో సాత్తూరు చేరేసరికి నిటారు నడుముతో కూర్చోవడం నా వల్ల కాలేదు. బస్టాండు మరుగుదొడ్డి ముందు పెద్ద వరస. చివర నిలబడి, ఎవరికోసమో చూస్తున్నట్టు నటించాను. ముందున్నాయన వెనక్కి తిరిగాడు; పుదూరు పక్క మనిషి, మా ఇంటిని ఎరిగినవాడు.

"సామీ, మీరా! మీరు పోయి వరసలో నిలబడేదా? ముందర పోండి, పోండి!"

మామూలుగా అయితే అలాంటి మర్యాదను రెండుసార్లు వద్దని, మూడోసారి ఒప్పుకోవడం మా పద్ధతి. ఆ రోజు ఒక్కసారి కూడా వద్దనలేదు.