గోడల్లేని ఇంటి ముందు మీటింగు

ఆ రోజుల్ల నాకు దయ్యమంటే కొద్దిగ బుగులు, మా మేనేజర్ సారంటే మస్తు బుగులు. మాది దంతాలపల్లి. ఆడోళ్ల సంఘాలకు అప్పులిచ్చే ఒక చిన్న కంపెనీల, భూపాలపల్లి బ్రాంచిల, కొత్తగ కొలువు దొరికింది. మా పనంతా పొద్దుగాలనే. ఆడోళ్లు పత్తి ఏరవోకముందే ఊరికి పోయి చాప మీద అందరినీ కూసోవెట్టాలె. ఒక్కామె రాకున్నా మీటింగు మొదలుగాదు, వచ్చినోళ్లు లేవొద్దు. ఏడింటికల్లా ఆ చాప ముంగట ఫోటో దిగి బ్రాంచి గ్రూపుల పెట్టాలె. సార్‌ను మేము చాటుకు 'గడియారం' అనేటోళ్లం. (ముందట అనే ధైర్యం ఎవనికుంది?) అప్పటికే నేను నిద్రవోయి రెండుసార్లు లేటైన. "ఇంకోపారి లేటైతే ఇంటికాడ్నే పండుకో, గిటు రాకు" అన్నడు గడియారం. ఊర్లె మా బాపు "మావోడు ఆఫీసర్" అని చాయ హోటలంతా చెప్పుకొని ఉండె. నౌకరి పోతే ఏ మొఖంతోని బస్సు దిగాలె?

గందుకే ఆ చలికాలం పొద్దుగాల, రేగొండ దిక్కున్న ఒక కొత్త సెంటరుకు అందరికంటే ముందే బయలెల్లిన. ఊరి పేరు ఫోన్ల కొట్టిన, అది చెప్పిన తొవ్వల పోయిన. మంచు ఎంత కమ్మిందంటే బండి ముందటి చక్రం కూడా కానొస్తలేదు. "మీరు చేరుకున్నారు" అన్నది ఫోన్ల ఆడగొంతు. బండి ఆపి చూస్తే ఊరు ఉంది గని ఇండ్లు లెవ్వు. కప్పులు లెవ్వు, తలుపులు లెవ్వు, ఒట్టి గడపలు. కుక్క మొరుగుడు లేదు, కోడి కూసుడు లేదు. ఒక్క గడప ముంగట మాత్రం పేడనీళ్ల సాన్పు చల్లి ముగ్గేసి ఉంది. ఇంకా తడి ఆరలే. "ఎవరన్నా ఉన్నరా?" అన్న. నా గొంతు నాకే ఎవలిదో అనిపించింది.

"ఆలిశమైంది సారూ, కూసో" అన్నది మంచుల నుంచి ఒక గొంతు.

ఇంకోడైతే ఉరికేటోడు. నేను మాత్రం ఫోన్ దీసి ఫోటో దిగి గ్రూపుల పెట్టిన! (ఏడైతున్నది మరి, దయ్యమైనా సరే, సంఘం మెంబరైతే చాలు.) ఫోటోల నేనున్న, గడప ఉంది, మనిషి లేదు. అప్పుడు మంచు కొద్దిగ జరిగితే తెల్లటి ఎంటికెల అవ్వ ఒకామె చీపురు పట్టుకొని వచ్చింది.

"బుగులువడకు బిడ్డా, బతికే ఉన్న. బొగ్గుబాయికని ఊరంతా లేపి కాలనీల ఏసిండ్రు. కాలనీ పేరు గూడ గదే, అసలు ఊరు గిది. పెండ్లయి ఈ గడప తొక్కిన కాడికెల్లి ఒక్కనాడన్న వాకిలి ఊకకుండ లేను. సంఘపోళ్లు నా కోసమే చాప మీద కూసుంటరు, పా."

అవ్వను బండెనుక కూసోవెట్టుకొని కాలనీకి పోయేసరికి ఏడు దాటింది. చాప నిండ ఆడోళ్లు. చాప ముంగట, కొత్త సెంటరని చూడవచ్చిన గడియారం, చేతులు కట్టుకొని. గ్రూపుల నా ఫోటో చూసే ఉంటడు. "ఎక్కడ సచ్చినవ్‌రా?" అన్నడు. నౌకరి పోయిందనుకున్న.

అవ్వ బండి దిగి అన్నది: "వాన్నేమనకు సారూ, పాత గడప ఊకి నేనే ఆలిశం జేసిన. ఊరు లేపినంక మా ఇంటికచ్చిన సుట్టం వీడొక్కడే."

ఒకామె కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. సార్ జేబుల ఫోన్ వెట్టుకొని, "ఇక్కడి మీటింగు ఇగ నుంచి ఎనిమిదింటికి" అన్నడు. ఆయన టైము మార్చంగ నేను చూసింది గదొక్కటే.

ఇప్పుడు అవ్వ లేదు. ఆ గడపను కూడా బొగ్గుబాయి మింగింది. నేనే మేనేజర్‌నైన, పోరగాండ్లు నన్నే చాటుకు గడియారం అంటుండ్రట. ఆ మీటింగు మాత్రం ఇప్పటికీ ఎనిమిదింటికే. మంచు కమ్మిన పొద్దు ఎప్పుడన్నా ఆ దిక్కు పోతే, పాత పేరు ఫోన్ల కొడుత. బాయి అంచుకు కట్టిన కంచె కాడ "మీరు చేరుకున్నారు" అంటది అది. ఇంత వయసొచ్చినంక నేను కంచె పట్టుకొని, చుట్టుపక్కల ఎవ్వరూ లేరని చూసుకొని, "ఎవరన్నా ఉన్నరా?" అని మెల్లగ అడుగుత. అవ్వ కూసోమంటదేమోనని జరసేపు ఆగుత. నా పిచ్చికి నేనే నవ్వుకొని బండి మర్లేసుకుంట. గా రోజు నేను ఆఫీసుకు లేటే.